హంస కాకపోతే?

డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో ప్రచురించిన అనాకారి బాతుపిల్ల కథను, రూపాన్ని చూసి ఎవరినీ వెక్కిరించకూడదని నేర్పడానికి బడిలో చెబుతాం. కథ నిజంగా ఆ మాటే చెబుతోందా? బాతులు కరిచాయి, కోళ్లు పొడిచాయి, మేత వేసే అమ్మాయి కాలితో తన్నింది. వాళ్లెవరూ తమ తప్పు ఒప్పుకోలేదు. బాతుపిల్ల హంసగా తేలి, అందరికంటే అందమైనదని పొగడ్త అందుకున్నాకే దాని కష్టం తీరింది. చివరికి గౌరవం అందానికే దక్కింది.

ఈ కథ విన్నాక మా తరగతిలో ఒక కాలు సన్నగా ఉన్న పిల్లవాడు, "నా కాలు ఎప్పుడు మారుతుంది సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కథ మొదట్లో ఒక మంచి చోటుంది. నీళ్లలో ఆ పిల్ల కాళ్లు చక్కగా ఆడిస్తూ ఈదడం చూసి, ఇది నా బిడ్డేనని తల్లి బాతు అనుకుంటుంది. అది హంస అని అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత అందరి ఎగతాళికీ ఆ తల్లి మనసు కూడా విరిగి, ఇది ఎక్కడికైనా పోతే బాగుండనుకుంటుంది. ఇప్పుడు నేను కథను అక్కడ ఆపి పిల్లలను అడుగుతున్నాను: "ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటే, ఆ దొడ్లో మిగతావాళ్లు ఎలా మెలగాలి?"