'స్మృతిచిత్రే'లోని సత్యనిష్ఠ

మతము మార్చుకొన్నవారి జీవితకథలలో వెనుకటిదంతయు చీకటి, తరువాతిదంతయు వెలుగుగా కనబడుట పరిపాటి. మరాఠీలో లక్ష్మీబాయి తిలక్ (1868–1936) వ్రాసిన ఆత్మకథ 'స్మృతిచిత్రే' ఆ కోవకు చేరదు. 1895లో ఆమె భర్త, కవి నారాయణ వామన తిలక్, బొంబాయిలో క్రైస్తవమతము స్వీకరించెను. భార్యకది పిడుగుపాటు. దశాబ్దముల తరువాత, తానును క్రైస్తవురాలై యుండి వ్రాయునప్పుడు కూడ ఆనాటి దుఃఖమును, భర్తపై కలిగిన ఆగ్రహమును ఆమె కప్పిపుచ్చలేదు.

గ్రంథమునకు ప్రాణమిదియే. మనస్సు ఒప్పనిదే ఆమె భర్త మతమును ఒప్పుకొనలేదు, అయిదేండ్లు ఆగెను. ధైర్యమనగా లోకమును ఎదిరించుట మాత్రమే కాదు, నమ్మనిదానిని నమ్మితినని చెప్పకుండుట కూడ. మడి పేరిట ప్రతి వస్తువును కడిగించెడి తండ్రి యింట పెరిగిన యీమె, కులభేదము మనుష్యకల్పితమని తనలో తాను తర్కించుకొని తేల్చుకొన్న ఘట్టము, 1900లో పొందిన జ్ఞానస్నానము కంటె పెద్ద సంఘటనగా పాఠకునికి తోచును. విశ్వాసము అక్కడనే వేరూనినది. తక్కినది దాని ఫలము.

ఇంత బరువైన విషయమును ఆమె నవ్వుచు చెప్పును. బడికి పోని భార్యకు అక్షరములు నేర్పినవాడు భర్తయే. ఆ అక్షరములతోనే ఆమె ఆయన ముక్కోపమును, చేతిలో డబ్బు నిలువని దాతృత్వమును చిత్రించినది! భక్తి ఎక్కువై భర్తను మహర్షిని చేసియున్నచో, ఆయన త్యాగమును ఎవరు నమ్మియుందురు? తిలక్ అసంపూర్ణముగా విడిచిన 'క్రిస్తాయన' కావ్యమును పూర్తిచేసినదియు ఆమెయే. అయినను ఆమె ప్రతిభ యింటిభాషలో సాగిన యీ వచనముననే స్వేచ్ఛగా మెలగినది. 1937లో వెలువడిన కడపటి భాగమును మాత్రము ఆమె ముగింపలేకపోయెను, కుమారుడు పూరించెను. ఆ పుటలలో విషయము కలదు గాని, ఆ గొంతు లేదు.