మొదటి చేయి ఎవరిది?

తొడలోని పెద్ద రక్తనాళం తెగితే ప్రాణం పోవడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ నిమిషాల్లో గాయపడిన సైనికుడి పక్కన సర్జన్ ఉండడు. చాలాసార్లు వైద్య సహాయకుడు కూడా ఉండడు. మన సైన్యంలో ఎనిమిది వందల మందికి అటూ ఇటూగా ఉండే ఒక పదాతి బెటాలియన్‌కు ఒక రెజిమెంట్ వైద్యాధికారి, ఆయన కింద కొద్దిమంది నర్సింగ్ అసిస్టెంట్లు ఉంటారు. కొండవాలు మీద, చీకట్లో, కాల్పుల మధ్య చెదిరిపోయిన జవాన్లందరి దగ్గరికీ వాళ్లు సకాలంలో చేరుకోవడం లెక్క ప్రకారమే కుదరదు. గాయం మీద పడే మొదటి చేయి తోటి జవానుదే. ఏం చేయాలో ఆ చేతికి తెలియకపోతే, వెనక ఎంత గొప్ప ఆసుపత్రి సిద్ధంగా ఉన్నా అక్కడికి చేరేది శవమే. అయినా సైనిక వైద్య శిక్షణ అనగానే మన ఆలోచన డాక్టర్ల దగ్గరా, ఆపరేషన్ థియేటర్ల దగ్గరా ఆగిపోతుంది. ఇది వైద్యశాఖ చూసుకోవలసిన వ్యవహారమని అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉందని నా అభిప్రాయం. ఇది యుద్ధాన్ని నడిపే కమాండర్ బాధ్యత. గురిచూసి కాల్చడం నేర్పించడానికి ఎవరు జవాబుదారీయో, రక్తం ఆపడం నేర్పించడానికీ వాళ్లే జవాబుదారీ కావాలి.

ఈ మాటకు మొదటి సాక్ష్యం మన సికింద్రాబాద్ దగ్గరే మొదలవుతుంది. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది అక్కడే. దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం ఆ తర్వాత కొద్ది కాలానికే లోకానికి తెలిసింది. కానీ 46 ఏళ్ల తర్వాత, 1943లో, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్ చేతికి వచ్చిన బర్మా సరిహద్దు సైన్యాన్ని చూడండి. ఏడాదికి నూటికి 84 మంది చొప్పున మలేరియా బారిన పడుతున్నారు. గాయాలతో వెనక్కి పంపిన ఒక్కొక్క సైనికుడికీ 120 మంది జబ్బుతో వెనక్కి వెళ్తున్నారు. శాస్త్రం తెలియక కాదు, ఆ శాస్త్రం సైనికుడి అలవాటుగా మారక. స్లిమ్ ముందు చికిత్సను ముందుకు జరిపారు. రోగిని వందల మైళ్ల దూరం భారతదేశంలోని ఆసుపత్రులకు పంపి నెలల తరబడి పోగొట్టుకునే బదులు, పోరాట రేఖకు కొద్ది మైళ్ల వెనకే మలేరియా చికిత్సా కేంద్రాలు పెట్టించారు. రెండోది ఇంకా ముఖ్యం. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ బిళ్ల మింగించే పూచీని ఆయన డాక్టర్ల మీద పెట్టలేదు, దళాధిపతుల మీద పెట్టారు. చెప్పాపెట్టకుండా దళం మొత్తానికీ పరీక్షలు చేయించారు. మందు మింగినవాళ్లు 95 శాతానికి తగ్గిన చోట దళాధిపతిని తొలగించారు. ముగ్గురిని తొలగించేసరికి మిగిలినవాళ్లందరికీ విషయం అర్థమైంది. 1945 నాటికి ఆ సైన్యంలో జబ్బుపడేవాళ్లు రోజుకు వెయ్యికి ఒకరి స్థాయికి దిగారు. మందు ఒక్కటే సరిపోలేదు, జవాబుదారీతనం చేతులు మారవలసి వచ్చింది.

ఇదే పాఠం అంతకు ఎనభై ఏళ్ల ముందు అమెరికా అంతర్యుద్ధంలోనూ కనిపిస్తుంది. 1862 వేసవి దాకా ఉత్తరాది సైన్యంలో అంబులెన్స్ బళ్లు సరుకు రవాణా చూసే క్వార్టర్‌మాస్టర్ విభాగం అధీనంలో ఉండేవి. వాటిని తోలడానికి దొరికినవాళ్లను పెట్టేవారు. ఆ ఆగస్టు చివర రెండో బుల్ రన్ యుద్ధంలో గాయపడినవాళ్లు రోజుల తరబడి మైదానంలోనే పడి ఉన్నారు. అప్పటికే ఉత్తరాదికే చెందిన పొటోమాక్ సైన్యంలో మాత్రం వైద్య విభాగాధిపతి జొనాథన్ లెటర్‌మన్ ఒక కొత్త పద్ధతి రాసిపెట్టారు. అంబులెన్సులకు ప్రత్యేక దళం ఉండాలి, దానికి సొంత అధికారులు ఉండాలి, గాయపడినవాళ్లను ఎత్తడం, బండిలోకి చేర్చడం, దించడం కవాతులాగే నేర్పించాలి. ఆగస్టు 2న సైన్యాధిపతి మెక్‌క్లెలన్ దాన్ని తన ఉత్తర్వుగా జారీ చేశారు. ఆరు వారాల తర్వాత, సెప్టెంబరు 17న యాంటీటమ్‌లో ఒక్క రోజులో రెండు పక్షాలా కలిపి దాదాపు 23,000 మంది చనిపోయారు, గాయపడ్డారు, జాడ లేకుండా పోయారు. కొత్త పద్ధతి ఇంకా పూర్తిగా వేళ్లూనకపోయినా ఉత్తరాది క్షతగాత్రులను దాదాపు ఒక్క రోజులోనే మైదానం నుంచి తరలించగలిగారు. ఆలోచన డాక్టరుదే. దాన్ని సైన్యం చేత చేయించింది సేనాపతి సంతకం.

మన కాలానికి వద్దాం. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో 2001 నుంచి 2011 వరకు మరణించిన 4,596 మంది అమెరికన్ సైనికుల వివరాలను అక్కడి సైనిక వైద్యులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. వారిలో 87 శాతం ఆసుపత్రికి చేరకముందే చనిపోయారు. అలా చనిపోయినవాళ్లలో దాదాపు నాలుగో వంతు బతికే అవకాశం ఉన్నవాళ్లు. ఆ బతకగలిగినవాళ్లలో పదింట తొమ్మిది మందిని తీసుకుపోయింది రక్తస్రావం. అదే యుద్ధాల్లో ఒక్క దళం లెక్క వేరుగా ఉంది. 75వ రేంజర్ రెజిమెంట్‌లో 2001 నుంచి 2010 వరకు శత్రువు దెబ్బకు గాయపడినవాళ్లు 419 మంది, వారిలో 32 మంది మరణించారు. ఆసుపత్రికి ముందు దశలో సరైన సాయం అంది ఉంటే బతికేవాడని చెప్పదగ్గ మరణం ఆ ముప్పై రెండింటిలో ఒక్కటీ లేదు. యుద్ధానికి ముందే, 1990ల చివర్లో, ఆ రెజిమెంట్ కమాండర్ స్టాన్లీ మెక్‌క్రిస్టల్ శిక్షణలో నాలుగు అంశాలకే పెద్దపీట వేశారు: గురి, దేహదారుఢ్యం, చిన్న దళాల పోరాట పద్ధతులు, వైద్యం. వంటవాడి నుంచి అధికారి దాకా ప్రతి రేంజరూ గాయానికి పట్టీ బిగించడం నేర్చుకున్నాడు. సాధన చేస్తూనే ఉన్నాడు. వైద్యం నాలుగో స్తంభం కావాలని నిర్ణయించింది ఆసుపత్రి కాదు, కమాండర్.

దీనికి మొదటి అభ్యంతరం డాక్టర్ల వైపు నుంచే వస్తుంది. మంచి ఆసుపత్రిలో తర్ఫీదైన వైద్యుడికి యుద్ధభూమి కొత్తేమీ కాదు, నైపుణ్యం ఎక్కడైనా నైపుణ్యమేనని వారి వాదన. ఆపరేషన్ టేబుల్ దగ్గర ఇది చాలా వరకు నిజం. అందుకే అమెరికా సైన్యం తన సర్జికల్ బృందాలను మయామీ నగరంలోని రైడర్ ట్రామా సెంటర్‌లో తుపాకీ గాయాల మీద పని చేయించి మరీ పంపుతుంది. కాల్పుల మధ్య మాత్రం ఆసుపత్రి క్రమమే తప్పు దారి పట్టిస్తుంది. ఆసుపత్రిలో శ్వాసమార్గం ముందు, రక్తప్రసరణ తర్వాత. తూటాలు కురిసే చోట ముందు శత్రువు కాల్పులకు జవాబు, ఆ తర్వాత కారుతున్న రక్తాన్ని ఆపడానికి గాయానికి పైన టోర్నికెట్ అనే పట్టీ బిగింపు. మిగతా వైద్యమంతా చాటుకు చేరాక. 1996లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ బట్లర్, ఆయన సహచరులు ఈ తేడాను కాల్పుల కింద, చాటున, తరలింపులో అని మూడు దశలుగా విడదీసి చెప్పారు. ఒకే చికిత్స ఒక దశలో ప్రాణం పోస్తుంది, ఇంకో దశలో ఇద్దరి ప్రాణాలు తీస్తుంది. ఏ దశలో ఉన్నామో గుర్తించే చూపు పోరాట విన్యాసాల్లో పాల్గొంటేనే అబ్బుతుంది. మన 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. కొరియా యుద్ధంలో 1951 మార్చి 23న అమెరికా ఛత్రీదళంతో పాటు మున్సాన్‌నీ దగ్గర విమానం నుంచి దూకిన మన వైద్య బృందం 12 మంది. వారికి నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ 1941లోనే, భారత ఛత్రీదళం పుట్టిన తొలి రోజుల్లోనే, దూకడం నేర్చుకున్న వైద్యాధికారి. ఆ పదేళ్ల సాధన లేకపోతే, ఆయన శస్త్రవిద్య ఎంత గొప్పదైనా ఆ ఉదయం గాయపడినవాళ్లకు అందుబాటులో ఉండేది కాదు.

రెండో అభ్యంతరం సమయం గురించి. సైనికుడు నేర్చుకోవలసినవి బోలెడు, అందులో వైద్యం కూడా చేరిస్తే పోరాటం పలచబడుతుందంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదు, శిక్షణ గంటలు నిజంగానే పరిమితం. అయితే ఇక్కడ అడుగుతున్నది ప్రతి జవానునూ డాక్టరును చేయమని కాదు. చావుల లెక్కే పాఠ్యాంశాన్ని కుదించి చూపిస్తోంది: రక్తం ఆపడం, శ్వాస ఆడేట్టు చూడడం, ఒంటి వేడి తగ్గకుండా కప్పడం, మనిషిని లాగి చాటుకు చేర్చడం. బాగ్దాద్‌లోని సైనిక ఆసుపత్రిలో జరిగిన అధ్యయనంలో, రక్తం పోయి షాక్‌లోకి జారకముందే టోర్నికెట్ బిగించినవాళ్లలో 90 శాతం బతికారు, జారాక బిగించినవాళ్లలో 10 శాతమే బతికారు. ఆ రెంటి మధ్య ఉన్నది ఒక్క చేయి, కొన్ని నిమిషాలు. పైగా గాయపడితే పక్కవాడు వదిలిపెట్టడన్న భరోసా ఉన్న జవాను ముందుకు కదులుతాడు. ఆ నమ్మకం లేని దళంలో ఒకడు పడగానే పదిమంది చుట్టూ మూగుతారు, దాడి అక్కడే ఆగిపోతుంది. వైద్య శిక్షణకు ఇచ్చిన గంట పోరాటం నుంచి కోసి తీసిన గంట అనడం అందుకే సరికాదు.

రేంజర్లు ఏరికోరి తెచ్చిన కొద్దిమంది, లక్షల సైన్యానికి వారి పద్ధతి వర్తించదనేది మూడో అభ్యంతరం. దీనికి స్లిమ్ సైన్యమే సమాధానం. అనేక భాషలు, అనేక ప్రాంతాలు, ఎక్కువమంది భారతీయులు, సామగ్రిలో అందరికంటే చివరి వంతు. అలాంటి సైన్యంలోనే ఒక ఆరోగ్య నియమం చివరి సిపాయి దాకా చేరింది. నాలుగోది, హెలికాప్టర్లు వచ్చాక మొదటి నిమిషాల మీద ఇంత పట్టింపు ఎందుకన్నది. 2009లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ గాయపడిన సైనికుడిని గంటలోపు చికిత్సకు చేర్చాలని ఆదేశించారు, అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఆకాశం మన చేతిలో ఉన్న యుద్ధంలోనే అది సాధ్యం. ఉక్రెయిన్‌లో డ్రోన్ల కింద తరలింపు గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి ఆగిపోతోంది. గంట కోసం బిగించిన టోర్నికెట్ అన్ని గంటలూ అలాగే ఉండిపోతే కాలో చేయో పోతుంది. అది ఇంకా అవసరమా అని మళ్లీ చూడడం, వీలైతే ఒత్తిడి కట్టుగా మార్చడం కూడా కందకంలోని మనిషే నేర్వాలి. హెలికాప్టర్ రాని చోట మొదటి చేయే చాలాసేపటి వరకు ఏకైక చేయి.

ఇంతా తెలిసి ఎందుకు మరిచిపోతాం? వియత్నాంలో కాలో చేయో గాయపడి, ఇతర ప్రాణాంతక గాయాలేవీ లేకుండా, రక్తం పోయి మరణించిన అమెరికన్లు 2,500 మందికి పైగా అని అంచనా. అయినా 2001లో మళ్లీ యుద్ధానికి బయల్దేరిన అదే దేశపు సైనికుల్లో చాలామంది దగ్గర సరైన టోర్నికెట్ లేదు. యుద్ధంలో పెరిగిన నైపుణ్యం శాంతికాలంలో జారిపోవడాన్ని సైనిక వైద్యులు ఒక బ్రిటిష్ నౌకాదళ సర్జన్ పేరిట ‘వాకర్ డిప్’ అంటారు. పరిజ్ఞానం పుస్తకాల్లో భద్రంగా ఉంటుంది, చేతి నుంచి మాత్రం జారిపోతుంది. ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్టు, ప్రతి యుద్ధంలోనూ మొదటి నెలల్లో గాయపడినవాళ్లు ఆ మరుపుకు మూల్యం చెల్లిస్తారు. దీన్ని ఆపడానికి స్లిమ్ పద్ధతే నాకు సరైనదనిపిస్తుంది. ఏ రాత్రో చెప్పాపెట్టకుండా బెటాలియన్‌ను నిద్రలేపి, చీకట్లో, తడిచిన చేతులతో, తన కాలికీ పక్కవాడి కాలికీ టోర్నికెట్ బిగించమనాలి. వచ్చిన ఫలితాన్ని వైద్యాధికారి నివేదికలో కాకుండా కమాండర్ పనితీరు నివేదికలో రాయాలి. నూటికి 95 మంది చేయలేని బెటాలియన్ గురి ఎంత బాగున్నా, కవాతు ఎంత ముచ్చటగా ఉన్నా, యుద్ధానికి సిద్ధంగా లేదనే రాయాలి.