గడీ కిటికీ

కె.వి.ఆర్. మహేంద్ర తొలి చిత్రం ‘దొరసాని’ 2019 జూలై 12న విడుదలైంది. 1980ల నాటి తెలంగాణ పల్లె. పేదింటి రాజుగా ఆనంద్ దేవరకొండ, దొర కూతురు దేవకిగా శివాత్మిక. కలవారి పిల్ల, లేనింటి పిల్లాడు అన్న కథ మనకు పాతదే. దాన్ని నిలబెట్టిన పనితనం తెలియాలంటే గడీ కిటికీ దగ్గర కాసేపు ఆగాలి.

ముందు దొర ఉండే గడీ సంగతి. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల వాకిలి, దాని చుట్టూ గదులు. ఊరివాళ్లు ఆ దర్వాజ దాటాలంటే చెప్పులు విడవాలి, తల వంచాలి. ఆ దారిన ప్రేమ లోపలికి పోలేదు. ఇక మిగిలింది కిటికీ. మనిషిని రానివ్వదు గానీ చూపును ఆపలేదు. ప్రేమ బరువును దర్శకుడు దాని మీదే మోపారు.

ఆమె పైన, అతను కింద. కింది నుంచి చూస్తే ముందు గోడ ఎత్తు తెలుస్తుంది, ఆ తర్వాతే ముఖం. పై నుంచి చూస్తే కిటికీ చట్రంలో ఇమిడినంతే ఊరు. ఇద్దరి మధ్య ఉన్న అంతరం మాటల్లో చెప్పే పనే లేదు.

కిటికీని చిత్రించడం తేలిక కాదు. పగలు బయట ఎండ, లోపల మసక. కెమెరాను ఎండకు సరిచేస్తే లోపలి మనిషి నీడైపోతుంది. లోపలికి సరిచేస్తే బయటంతా తెల్లగా పాలిపోతుంది. రెండూ కనబడాలంటే లోపల వేసిన లైటు వేసినట్టే తెలియకూడదు. ఛాయాగ్రాహకుడు సన్నీ కూరపాటి ముందున్న పని అది.

తర్వాత కూర్పు. అతను చూసే షాటు ఒకటి, ఆమె చూసే షాటు ఒకటి. రెండు చూపుల దిశ కుదిరితేనే వాళ్ల కళ్లు కలిశాయని నమ్ముతాం. అతని షాటు ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే ఎదురుచూపు, ఆమె షాటు ఒక్క క్షణం ముందే తెగితే భయం.

పిలుపు కూడా ఈ కట్టడంలో భాగమే. దేవకి అన్న పేరున్నా ఊరికి ఆమె దొరసానే. కిటికీకి ఊచలెలాగో ఆమెకు ఆ పిలుపు అలాగ.

ఇలాంటి కిటికీ తెర మీద అంతకు ముందూ ఉంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో 1934లో పుట్టిన శ్యామ్ బెనెగల్, 1974లో వచ్చిన ‘అంకుర్’లో తెలంగాణ పల్లెనే చూపించారు. దాని చివర ఓ పిల్లవాడు భూస్వామి కొడుకు ఇంటి కిటికీ మీదికి రాయి విసిరి పరుగెడతాడు. తెరంతా ఎర్రబడుతుంది.

ఎంత దొరైనా గాలి కోసం ఇంటికి కిటికీ పెట్టించక తప్పదు. అక్కడ రాయి, ఇక్కడ చూపు, రెండూ ఆ దారినే వచ్చాయి.