సీనరీ బొమ్మ, చప్పుడు లేని క్లాసు

జహీరాబాద్ చుట్టుపక్కల తండాల నుంచి బడికి పోయిన మాకు డ్రాయింగ్ పీరియడ్‌లో మొదట నేర్పిన బొమ్మ సీనరీ. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కిందికి పారే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. మా తండాల దిక్కు ఎటు చూసినా తుమ్మ, వేప, మోదుగ. చెరుకు తోటలు, కంది చేన్లు. ఆ కొబ్బరిచెట్టును మేం పుస్తకంలో తప్ప చూడలేదు. అయినా అందరం అదే గీశాం, అందరికీ మార్కులు పడ్డాయి. ఇప్పుడు మా ఇండ్లల్లో పిల్లల నోట్‌బుక్కులు తిప్పితే అదే కొబ్బరిచెట్టు మళ్లీ కనబడుతోంది.

చాలాకాలం దీన్ని డ్రాయింగ్ సార్ల బద్ధకం అనుకున్నాం. మాలో కొందరం టీచర్లం అయినాక అసలు సంగతి తెలిసింది. సీనరీ బొమ్మ వేసేది సారు చెయ్యే, వేయించేది మాత్రం ఆఫీసు గది చెవి. బోర్డు మీద ఒక బొమ్మ వేసి దింపుకొమ్మంటే నలభై తలలు వంగుతాయి, క్లాసు చప్పుడు చేయదు. అదే పిల్లల చేతికి మట్టి ఇవ్వండి, రంగులు ఇవ్వండి. లేస్తారు, నీళ్లకు పోతారు, బ్రష్షు కోసం గుంజుకుంటారు, పక్కవాడి ఎద్దుకు కొమ్ములు వంకరపోయాయని నవ్వుతారు. ఆ నవ్వు ఆఫీసు గదిదాకా పోతుంది.

మాలో ఒకరు పనిచేసిన బడిలో ఇదే జరిగింది. మొదటి వారం పిల్లలు మట్టితో ఎడ్లు చేశారు. రెండో వారం స్టాఫ్ మీటింగ్‌లో 'ఫలానా సారుకు క్లాస్ కంట్రోల్ లేదు' అన్న మాట వచ్చింది. మూడో వారం మట్టి పోయి సీనరీ వచ్చింది. మట్టి వాడవద్దని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఆ ఒక్క మాటకే ఒక కళ బడి నుంచి వెళ్లిపోయింది.

అందుకే ఈ 'కంట్రోల్' అన్న మాటను మనం గట్టిగా పరీక్షించాలి. లెక్కల క్లాసులో ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వినాలి, అక్కడ నిశ్శబ్దానికి అర్థం ఉంది. మట్టి క్లాసులో నలభై జతల చేతులకు నలభై పనులుంటాయి. మన తీజ్ పండుగనే చూడండి. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. ఎవరు ముందు పోయాలి, ఎప్పుడు పోయాలి, ఏం తినకూడదు, అన్నిటికీ కట్టుబాట్లున్నాయి. పాట మాత్రం ఆగదు, తండా అంతా వినబడుతుంది. అంత చప్పుడులో అంత క్రమశిక్షణను చూసి పెరిగిన పిల్లలను మనం నోటిమీద వేలు వేసుకొని కూర్చోమంటున్నాం.

అయితే తప్పంతా హెడ్మాస్టర్ల మీదికి నెట్టడం న్యాయం కాదు. పని చప్పుడు వేరు, పని లేని చప్పుడు వేరు. రెండోది వినబడితే మాత్రం ఆ మాట సగం నిజమే. చాలామంది ఆర్ట్ టీచర్లు బొమ్మ గురించి ఆలోచించినంతగా బకెట్టు గురించి ఆలోచించరు. రంగులు ముందే పంచేసి ఆ తర్వాత ఏం చేయాలో చెబితే ఏ పిల్లవాడు వింటాడు? చేతిలో రంగు పడ్డాక వాడి చెవి మూసుకుపోతుంది. చెప్పాల్సింది చెప్పి, ఒకరిద్దరితో తిరిగి చెప్పించి, చివర్లో రంగులు పంచాలి. నీళ్లకు అందరూ పోవద్దు. నలుగురికి ఒక గుంపు, గుంపుకు ఒకరు, వారం వారం మారాలి. చేతులు కడగడానికి ఒక బకెట్టు, బ్రష్షులకు ఇంకొకటి. పీరియడ్ నలభై నిమిషాలైతే పని ముప్పై నిమిషాలకే ఆపాలి, మిగతా పది ఊడ్చి సర్దుకోవడానికి. ఎందుకంటే తర్వాత వచ్చే సైన్స్ మేడం తడి బెంచీ చూసి నేరుగా పోయేది ఆఫీసు గదికే. ఆపమని అరిస్తే అది నలభై గొంతుల్లో నలభై ఒకటో గొంతు అవుతుంది. ఒక డప్పు పెట్టుకోండి. ఒక దెబ్బకు చేతులు ఆగాలి, రెండు దెబ్బలకు సర్దాలి. మేం వాడి చూశాం. మొదటి రెండు వారాలు డప్పు కొట్టే పని తనకే కావాలని ప్రతివాడూ కొట్లాడతాడు, తర్వాత కుదురుతుంది.

ఇక పీరియడ్లు గుంజుకోవడం. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోతుంది. పైనుంచి వచ్చే అధికారి పాస్ శాతం అడుగుతాడు కానీ బొమ్మ అడగడు, హెడ్మాస్టర్ ఇబ్బంది మాకు తెలుసు. కానీ అదే అధికారి వస్తున్నాడంటే డ్రాయింగ్ సారు అందరికీ గుర్తొస్తాడు. స్వాగత బ్యానర్, ముగ్గు, చార్టులు, జెండా పండుగకు స్టేజీ. సారు కూడా దాన్ని గౌరవం అనుకొని క్లాసు వదిలి నిచ్చెన ఎక్కుతాడు. బడి గోడ మీద వార్లీ బొమ్మలు వేస్తాడు. వార్లీలూ ఆదివాసులే, ఆ బొమ్మలంటే మాకు ప్రేమే. కానీ లంబాడీ పిల్లలు చదివే బడిలో వాళ్ల అమ్మ కాంచళి మీది అద్దాలు, ఫేటియా మీది కుట్లు గోడకు ఎందుకు ఎక్కలేదని అడిగే హక్కు మనకుంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచాలంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కళావిద్య బోధకుడు ఉండాలంది. కానీ పార్ట్‌టైమ్ బోధకుడు, అదీ పిల్లలు వందకు మించి ఉన్నచోట. తండాల దగ్గరి చిన్న బడులు ఎన్ని ఆ వంద దాటుతాయి? పిల్లలు తక్కువైన చోట కళ అక్కర్లేదన్నట్టు ఉంది ఈ లెక్క. 'పార్ట్‌టైమ్' అన్న మాట కూడా స్టాఫ్ రూమ్‌లో ఆ సారు కుర్చీ ఎక్కడ ఉండాలో ముందే చెప్పేస్తోంది. సర్టిఫికెట్ సంగతి ఇంకొకటి. గుస్సాడి కనకరాజుకు 2021లో, డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. గుస్సాడి ఆటకు, కోయ డోలికి టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్ అనేది లేదు.

మనకు దగ్గరి ఉదాహరణలు లేకపోలేదు. జహీరాబాద్ ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, సిద్దిపేటలో కాపు రాజయ్య బడిలో డ్రాయింగ్ మాస్టారుగా ఉద్యోగం చేస్తూనే బతుకమ్మను, బోనాలను, ఊరి జనాన్ని గీశారు. కళ్ల ముందున్న మనుషులు చాలు బొమ్మకు అని ఆ పని మనకు చెబుతోంది. ఇంకా దగ్గరికి వస్తే, మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టిన పచ్చసాలె ఉంది. అక్కడ చదువుతోపాటు కుండలు చేయడం, వడ్రంగం, కుట్టుపని, సేద్యం నేర్పారు. చేతిపనిని చదువుకు అడ్డం అనుకోని బడి మన మండలాల్లోనే నడిచింది.

హెడ్మాస్టర్‌తో ఎలా మెలగాలని మా తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. ముందుగా చెప్పండి. 'బుధవారం మట్టి పని, చప్పుడు ఉంటుంది, వరండాలో చేస్తాం, మూడున్నరకు కడిగేస్తాం' అని ఒక కాగితం ఇవ్వండి. తెలిసిన చప్పుడు ఎవరినీ కంగారు పెట్టదు. రెండు పీరియడ్లు కలిపి ఇమ్మని టైంటేబుల్ వేయకముందే, జూన్‌లోనే అడగండి. వేశాక అడిగితే అది ఫిర్యాదు అవుతుంది. బ్యానర్ రాయమంటే రాయండి కానీ పోయిన పీరియడ్ ఎప్పుడు తిరిగి ఇస్తారో అప్పుడే తేల్చుకోండి. 2024 నుంచి బడులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి. యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. కుట్టు వచ్చిన తల్లులు ఆ కమిటీలో కూర్చుంటున్నారు. డ్రాయింగ్ పీరియడ్ ఏమైందని వాళ్లే అడగవచ్చు.

కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కిలాన్, వేలే, మాకీ అంటూ పద్నాలుగు రకాల కుట్లకు అక్కడ పేర్లు రాసిపెట్టారు. మన తండాల్లో వాటిని ఏమంటారో తెలుసుకుందామని మాలో ఒకరు తన క్లాసుకు ఒక ముసలి యాడిని పిలిచారు. ఆమె సూది, దారం, నాలుగు అద్దాలు పట్టుకొని నేల మీద కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగారు. ఆ రోజు చప్పుడు తక్కువే, ఎందుకంటే కుట్టు తప్పితే ఆమె గోర్ బోలిలో తిడుతోంది. మధ్యలో హెడ్మాస్టర్ వచ్చి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మెల్లగా అడిగారు: "సార్, ఇది రిజిస్టరులో ఏ సబ్జెక్టు కింద రాద్దాం?"

డ్రాయింగ్ అని రాశాం. ఆయన సంతకం పెట్టారు.