గిడుగువారి సవర గ్రంథములు: మన సంఘములకు ఒక ప్రశ్న



హైదరాబాదు పాతబస్తీ ప్రక్కన కంచన్‌బాగ్ అను పేట గలదు. లోహములను కరగించి క్రొత్త మిశ్రమ లోహములను చేయు మిశ్ర ధాతు నిగమ్ అను ప్రభుత్వ సంస్థ 1973లో స్థాపింపబడి అక్కడనే యున్నది. రక్షణశాఖవారి పరిశోధనశాలలును అక్కడ గలవు. పనులకొరకు నానా జిల్లాలవారు వచ్చి చుట్టుపట్ల అద్దె ఇండ్లలో కాపురముండుటచేత, అక్కడి గృహ ప్రార్థన కూటములలో నెల్లూరు యాసయు, ఖమ్మము యాసయు, శ్రీకాకుళము యాసయు ఒకే చాపమీద కూర్చుండును.

అట్టి కూటమొకదానిలో నేను చేసిన తప్పును మొదట ఒప్పుకొనవలెను. సీతంపేట కొండలనుండి కొడుకు ఇంటికి వచ్చిన ఒక సవర అవ్వ, తన వంతు రాగా కన్నులు మూసికొని తన భాషలో ప్రార్థింప మొదలుపెట్టెను. నాలుగు మాటలైనను కాకమునుపే నేను అడ్డుపడి, "అవ్వా, తెలుగులో చెయ్యమ్మా, అందరికీ తెలుస్తుంది గదా" అంటిని. ఆమె ఆగిపోయెను. కొంతసేపు ఊరకుండి, "ప్రభువా, స్తోత్రం" అని రెండే మాటలు పలికి ముగించెను. కూటమైన పిమ్మట మనుమడు, "నానమ్మ ఏమి చెప్పబోయింది నాన్నా?" అని అడుగుచుండగా వింటిని. తండ్రి జవాబు చెప్పలేదు.

ఆ ప్రార్థన అందరికి తెలియవలెనని నేను కోరితిని. తెలియవలసిన వానికి అది తెలియుచుండెననుట మరచితిని. ఆ సిగ్గుతోనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి సవర గ్రంథములను గూర్చి ఆలోచింప సాగితిని. వాటి మంచిని, వాటి లోటును, వాటి యెదుట మన సంఘముల స్థితిని మీతో విచారించుటకే ఈ నాలుగు మాటలు.

రామమూర్తిగారి పేరు మీరెరిగినదే. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. 1863లో పుట్టి 1940లో గతించిన ఆయనను వాడుక భాషకొరకు పోరాడిన వీరుడుగా బడిపిల్లలు సహితము ఎరుగుదురు. అయితే తెలుగుకొరకు ఆ పోరాటమునకు దిగక ముందే ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి సవరల భాషను నేర్చుకొన నారంభించెనని మనలో ఎందరికి తెలియును? సవరయు తెలుగును వచ్చిన ఒక మనుష్యుని, నాటి సమాజము అంటరానివాడని దూరముంచినవానిని, తన యింటనే ఉంచుకొని ఆయన ఆ భాష నేర్చుకొనెనని చెప్పుదురు. ఆ కాలమున బ్రాహ్మణుని యింట ఇది చిన్న సంగతి కాదు. విద్య కావలసినవాడు గురువు ఎవరని చూడడు.

సవర భాష మన తెలుగునకు చుట్టము కాదు. తెలుగు, గోండి, కువి ద్రావిడ కుటుంబములోనివి. సవర ముండా కుటుంబములోనిది. సంతాలి, ముండారి భాషలు దాని తోబుట్టువులు. శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము కొండలలోను, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను దానిని మాటలాడుదురు. 2011 జనాభా లెక్కలలో నాలుగు లక్షలకు పైబడినవారు తమ మాతృభాష అదియేనని వ్రాయించిరి. గొంతులో ఊపిరిని చటుక్కున ఆపి పలుకు ధ్వని యొకటి ఆ భాషలో గలదు. దానికి మన అక్షరమాలలో గురుతు లేదు. క్రియలో నామమును ఇమిడ్చి, మనము మూడు మాటలలో చెప్పుదానిని వారు ఒక్క మాటలో చెప్పగలరు.

వారి లెక్క మరియు వింతయైనది. పండ్రెండు వరకు వేరు వేరు పేర్లు. తరువాత పండ్రెండు-ఒకటి, పండ్రెండు-రెండు అని పోవుదురు. ఇరువదికి మరల వేరు పేరు. తొంబదిమూడు చెప్పవలెనన్న నాలుగు ఇరువదులు, పండ్రెండు, ఒకటి అందురు. ఇట్లు లెక్కించు పిల్లవానిని పంతులు మొద్దు అనిన, మొద్దు ఎవరో మీరే చెప్పుడి. మన పెద్దలు తమలపాకులను పుంజీల లెక్కన ఎంచినప్పుడు వారిని ఎవరైన మొద్దులనిరా?

రామమూర్తిగారు దాదాపు ముప్పదియైదు సంవత్సరములు ఈ భాషను వినిరి, వ్రాసిరి, సరిచూచిరి. సవర పిల్లలకు వాచకములు చేసి, తన ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో మద్రాసు ప్రభుత్వము ఆయన సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేసెను. ముండా భాషలను పరిశోధించు పండితులకు నేటికిని అవి పునాదిరాళ్లు. ఆ కొండలలో తిరుగుచు చలిజ్వరము తగిలి, దానికి మ్రింగిన కొయినా మందువలన ఆయన వినికిడి పోయెనని చెప్పుదురు. ఒక జనముయొక్క మాట వినబోయి తన చెవులనే పోగొట్టుకొన్నవాడు! మన బోధకులలో ఎందరు తమ మందకొరకు ఇంతపాటి వెల చెల్లించిరి?

ఇక లోటు చెప్పవలెను. పొగడ్త మాత్రమే విమర్శ కాదు. ఆ రెండు పెద్ద గ్రంథములు ఇంగ్లీషు చదువరులకొరకు వ్రాయబడినవి. మాట సవర అవ్వది. వివరణ దొరగారి భాషలోనిది. తమ మాటలే అందులో అచ్చుపడియున్నను, అవి ఎవరి నోటనుండి వచ్చెనో ఆ కొండవారికి ఆ పుస్తకము తెరచి చదువుకొను దారి లేకపోయెను. పుస్తకముమీద పేరు ఒక్క పండితునిది. ఆ మాటలు వెనుకటి ఎన్నో నోళ్లవి. ఇది రామమూర్తిగారి దోషమని నేననను. బడులు పెట్టి వాచకములు చేసిన మనుష్యునికి ఆ ఎరుక గలదు. ఆ కాలపు విద్య నడిచిన దారియే అట్టిది. అయినను గాదెలో పోసిన విత్తనములు ఎంత చక్కగా లెక్క వ్రాసినను, పొలములో పడనిదే మొలవవు. నిఘంటువు గాదె, అవ్వ నోరు పొలము.

మన మిషనువారి పని యెట్టిది? న్యాయముగా చెప్పవలెనన్న, వారు ఈ పనిలో వెనుకబడినవారు కారు. సాలూరులో నుండిన షుల్జె దొరగారు 1911లోనే కువి భాషకు వ్యాకరణము వ్రాసిరి. విలియమ్సన్ దొరగారు 1890లో గోండికి వ్రాసిరి. కెనడా బాప్తిస్టు మిషనువారు ఒడిశాలోని సెరంగో యొద్ద సవరలమధ్య పనిచేసిరి. అక్కడి సవర క్రైస్తవులు రోమను అక్షరములతో తమ భాషను చదివిరి. 1936లో మంగై గోమాంగో అను సవర పెద్ద తన జనమునకు సొంత లిపినే కల్పించెను. ఆంధ్ర ప్రాంతమున తెలుగు అక్షరములు. ఇట్లు ఒక్క భాష మూడు బట్టలు కట్టుకొని, అన్నదమ్ముల ఉత్తరములు ఒకరివి ఒకరు చదువలేని స్థితికి వచ్చెను. లిపి ఏదైనను మంచిదే గాని, లిపిని బట్టి జనము చీలిపోవుట మంచిది కాదు.

మరియొక సంగతి మనస్సు నొప్పించును. అయినను చెప్పక తప్పదు. కేంబ్రిడ్జి పండితుడు పియర్స్ విటెబ్‌స్కీ ఏండ్ల తరబడి సవరలమధ్య నివసించి, 2017లో ఒక గ్రంథము ప్రకటించెను. పూర్వము సవరలు పూనకము వచ్చిన స్త్రీల నోట తమ మృతులతో మాటలాడుచు, ఏడ్చుచు, వాదించుచు దుఃఖము తీర్చుకొనెడివారు. వారి పిల్లలలో చాలమంది బాప్తిస్టులైరి. ఆ ఆచారము తగ్గిపోయెను. నేను క్రైస్తవుడను; మృతులయొద్ద విచారణ చేయుట మరల రావలెనని కోరను. అయితే ఆ ఆచారముతోబాటు, దుఃఖమును చెప్పుకొను వేల మాటలు సహితము పోవుచుండగా మనము వాటికి బదులేమిచ్చితిమి? కొడుకును పాతిపెట్టిన తల్లికి తన భాషలో ఏడ్చు మాటలను సంఘము ఇచ్చెనా, లేక తెలుగు కీర్తన ఒకటి పాడి, ఆమెను ఊరకుండుమనెనా? విగ్రహమును తీసివేయుట మన పనియే. నాలుకను తీసివేయుట మన పని కాదు.

సువార్తనే చూడుడి. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడెను. అయినను యాయీరు కుమార్తెను ప్రభువు లేపినప్పుడు ఆయన నోటనుండి వచ్చిన మాటను మార్కు మార్చక, తలీతాకుమీ అనియే వ్రాసెను. చెవిటివాని చెవులలో ప్రభువు పలికిన ఎప్ఫతా అను మాటను అట్లే వ్రాసెను. అర్థము ప్రక్కన చెప్పెను గాని, మాటను మాత్రము పారవేయలేదు. తల్లి ఒడిలో ప్రభువు నేర్చిన పల్లెభాషలోని ఆ చిన్న మాటలను పరిశుద్ధాత్మ కాపాడెను. పెంతెకొస్తు దినమున వచ్చినవారందరిని దేవుడు ఒక్క భాషలోనికి మార్చలేదు. ఎవరి భాషలో వారికి వినబడునట్లు చేసెను. యెరూషలేములో దేవుడు చేసిన పనిని కంచన్‌బాగ్‌లో నేను ఆపితిని.

ఇప్పుడు మంచి మాట. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండి లిపిలో వ్రాసిన పాత ప్రతులు 2006లో విద్వాంసుల దృష్టికి వచ్చెను. వాటిని చదువగలిగిన పెద్దలు ఊరిలో కొద్దిమందియే మిగిలియుండిరి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారును, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపువారును ఆ పెద్దలయొద్ద కూర్చుండి, వారినే గురువులనుగా ఎంచి పని సాగించిరి. 2018లో ఆ లిపి యూనికోడులో చేరెను. అనగా ఇక కంప్యూటరులోను సెల్ ఫోనులోను ఆ అక్షరములకు స్థానము కలిగెను. పండితుడు వచ్చెను సరే. ఊరిలో ఆ అక్షరమును విడువని ముసలివారు లేకపోయిన పండితుడు ఏమి చేయగలడు?

దూరదేశమందును ఇట్టిదే జరుగుచున్నది. బర్మా కొండలలోని చిన్ జనమువారు చాలమంది క్రైస్తవులు. 1899లో హాకాకు చేరిన కార్సన్ దంపతులు మొదలుకొని బాప్తిస్టు మిషనరీలు వారిమధ్య పనిచేసిరి. దేశములో కలిగిన శ్రమలచేత వేలాదిమంది అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు వలసపోయిరి. అక్కడి విశ్వవిద్యాలయపు పండితులును, చిన్ కుటుంబములనుండి వచ్చిన విద్యార్థులును కలిసి ఆ భాషలను వ్రాసియుంచుచున్నారు. అవ్వల మాటను వ్రాయువాడు అవ్వల మనుమడే! రామమూర్తిగారి గ్రంథములలో నేను చెప్పిన లోటు అక్కడ తీరుచున్నది.

కనుక చదువరీ, మీ సంఘములో సవరయో, గోండియో, కోయయో, కువియో, లంబాడీయో ఇంట మాటలాడు కుటుంబమున్నదా? ఉన్నయెడల కొన్ని పనులు చేయుడి. ఆదివారమున ఒక్క ప్రార్థన ఆ భాషలో జరుగనియ్యుడి. తెలుగువారమగు మనము ఆ రెండు నిమిషములు అర్థము కాకయే ఆమేన్ చెప్పుట నేర్చుకొందము. ఆదివార బడి పిల్లలను ఒక నోటుబుక్కుతో అవ్వలయొద్దకు పంపుడి. చెట్ల పేర్లు, విత్తనముల పేర్లు, వరుసల పేర్లు, ఏడ్పు మాటలు, జోలపాటలు తెలుగు అక్షరములతోనైన వ్రాయనియ్యుడి. సెల్ ఫోనులో ఆమె గొంతు పట్టియుంచుడి. అయితే ఆమెను అడిగి, ఆమె సరేయన్న తరువాతనే. విశ్వవిద్యాలయమువారు వచ్చినయెడల సంతోషముతో సహాయము చేయుడి. ఒక ప్రతి మీ సంఘములో ఉంచిపొమ్మని, చెప్పినవారి పేరు వ్రాయుమని ధైర్యముగా అడుగుడి. ఇది పంతులుగారు ఒక్కరే చేయు పని కాదు. పండితుడు ఒక్కడే చేయు పనియు కాదు.

కంచన్‌బాగ్ కొలుములలో ఒక లోహమును మరియొక లోహముతో కలిపిన, రెండును బలపడును. సంఘములో కూడ కలియుట అట్లే ఉండవలెను. చిన్నది కరగిపోయి పెద్దదే మిగులుట కలియుట కాదు.

తరువాతి నెల కూటమునకు నేను ముందుగా ఆ అవ్వయొద్దకు పోయి, "అవ్వా, ఈసారి నీ భాషలోనే చెయ్యి" అంటిని. ఆమె నన్ను కొంతసేపు చూచి, మనుమని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. చాలసేపు ప్రార్థించెను. నాకు ఒక్క ముక్క తెలియలేదు. ముగించినప్పుడు ఆ పిల్లవాడు తండ్రివంక తిరిగి, తనకు తెలిసిన ఒక్క మాటను మెల్లగా మరల పలికెను. తండ్రి దానిని సరిదిద్దెను.