ఆరు తర్వాత ఏడెందుకు?

ప్రోగ్రాములో ఒక మాటకి రెండర్థాలొస్తే దోషం. పిల్లల హాస్యగేయంలో అదే ప్రాణం. అయితే ఒక షరతు: ఆ రెండర్థాలూ పిల్లల నోట్లో ముందే నలిగి ఉండాలి. పదహారో శతాబ్దపు పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ ఒకే కావ్యంలో రామకథనీ, పాండవుల కథనీ నడిపింది. పండితులకది విందే. కాని పిల్లలకి అలాంటి శ్లేష పెడితే, టీక చెప్పేలోగా నవ్వు చల్లారిపోతుంది.

పిల్లలకి కావలసిన శ్లేష మన సంఖ్యల్లోనే ఉంది. ఆరు, ఏడు, నూరు, వెయ్యి: నాలుగూ సంఖ్యలే, నాలుగూ క్రియలే. సరదాకి నేనల్లిన ఈ రెండు పాదాలు చూడండి:

“ఆరు తర్వాత ఏడు అన్నారు మాస్టారు,
కొట్టకుండానే ఏడవమంటే ఎలాగండీ సారు?”

ఇందులో కవిత్వం తక్కువే. కాని ఈ హాస్యం ఇంగ్లీషులోకి రాదు. అక్కడి ‘సెవెన్’కి ఏడుపు తెలీదు.

చిక్కల్లా ఇక్కడే. మన పిల్లలు ఆదివారం తెలుగు బడిలో సంఖ్యలు నేర్చుకుంటారు. క్రియలు నేర్వవలసింది ఇంట్లో. అక్కడ వినిపించేది ‘క్రై చెయ్యకు’, ‘బట్టలు డ్రై అయ్యాయా?’, ‘అల్లం గ్రైండ్ చెయ్యి’. కవి రెండర్థాలు పెట్టి పంపిస్తే పిల్లలకి చేరేది ఒక్కటే.

గేయం బాగుందో లేదో తేల్చడానికి అలంకారశాస్త్రం అక్కర్లేదు. చదివి, వివరించకుండా ఊరుకోండి. పిల్లలు నవ్వితే కవి గెలిచినట్టే. నవ్వకపోతే, కవిని తప్పుపట్టే ముందు, ‘ఏడు’ అన్న మాట మన ఇంట్లో అంకెగా కాక ఇంకెలా వినపడుతోందో ఒక్కసారి చూసుకోండి.