‘అసాధారణం’ ఎవరికి? – పిల్లల లింఫోమాపై వైద్యరచన: విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:
పిల్లల్లో ఉద్ధృతంగా పెరిగే లింఫోమాల గురించిన రోగవృత్తాంతాల్లో ‘అసాధారణ లక్షణం’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. ఆ మాట వ్యాధిని వర్ణిస్తున్నదా, చూసేవారి అంచనాను వర్ణిస్తున్నదా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నేపథ్యంలో పరిశీలిస్తే ఇది కేవలం పదచర్చ కాదని తెలుస్తుంది.

విశేషణం – భూగోళం:
ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అక్కడి పిల్లల దవడల్లో వచ్చే కణితులను 1958లో వర్ణించారు. 1964లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ ఆ కణాల్లో ఒక వైరస్‌ను గుర్తించారు. భూమధ్యరేఖా ఆఫ్రికాలో దవడ వాపు ఈ వ్యాధికి పరిచితమైన రూపం. ఇతర ప్రాంతాల్లో అది ఎక్కువగా కడుపులో, ముఖ్యంగా చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట, బయటపడుతుంది. ఒకచోట సాధారణమైనదే మరొకచోట అసాధారణమవుతున్నది. కాబట్టి ఈ విశేషణం వ్యాధి స్వభావాన్ని కాక, పరిశీలకుని అనుభవ పరిధిని తెలుపుతున్నది.

పేరు – పొరపాటు:
తెలుగువారికి వాపులను గుర్తించే పదసంపద ఉంది. దవడ కింద ఉబ్బితే గవదబిళ్లలు. మెడలో కణుపులు వరుసకడితే గండమాల. అనుభవం నుంచి పుట్టిన ఈ పేర్లు చాలాసార్లు సరైనవే. పేరు పెట్టడంతో పరిశీలన ఆగిపోవడమే ప్రమాదకరం.

ఆరేడేళ్ల వయసులో పాలపళ్లు కదలడం సహజం. పైగా ఉమ్మడి నల్లగొండ ఫ్లోరైడ్ పీడిత ప్రాంతం. అందువల్ల పంటి బాధ ఈ రెండింటిలో ఏదో ఒకదాని ఖాతాలో చేరిపోయే అవకాశం ఉంది. ఫ్లోరోసిస్ పంటి రంగును, పైపొరను పాడుచేస్తుంది. చిగురు ఉబ్బి, పక్కపక్క పళ్లు కొద్దిరోజుల్లోనే వదులుకావడం దాని లక్షణం కాదు.

పేగులో పేగు చొచ్చుకుపోవడం ప్రధానంగా పసిపిల్లల సమస్య. ఐదారేళ్లు దాటిన పిల్లల్లో అది జరిగితే దాని వెనుక కణితి ఉందేమో వెతకాలి. ఛాతీలో పెరిగే టి-లింఫోబ్లాస్టిక్ లింఫోమా ఉబ్బసంలా కనిపించవచ్చు; పడుకుంటే ఆయాసం హెచ్చుతుంది, ముఖం ఉబ్బుతుంది. ఎక్స్‌రే తీయకుండా స్టెరాయిడ్లు ఇస్తే గడ్డ తాత్కాలికంగా తగ్గి, తరువాత చేసే ముక్క పరీక్షలో వ్యాధి స్పష్టపడకపోవచ్చు. నిర్ధారణ లేకుండానే కణుపుల వాపును క్షయగా భావించి మందులు మొదలుపెడితే విలువైన వారాలు గడిచిపోతాయి.

జాబితాలో లేని క్రియ:
‘మెడలో నొప్పిలేని గడ్డ, జ్వరం, బరువు తగ్గడం’ – ఆరోగ్యవ్యాసాలకు అలవాటైన ఈ తరహా జాబితాలో నామపదాలే ఉంటాయి. కాలాన్ని తెలిపే క్రియ ఉండదు. అది గడ్డ ఉండే చోటును చెబుతుంది గాని, పెరిగే వేగాన్ని చెప్పదు. బర్కిట్ కణితి రెట్టింపు కావడానికి ఒకటి రెండు రోజులు చాలు. ‘నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగింది’ అని తల్లి చెప్పే మాటలో జాబితాకు అందని రోగనిర్ధారణ సూచన ఉంది. రోగవృత్తాంతం నమోదు చేయవలసింది ముందుగా ఆ వాక్యాన్ని.

పిల్లల్లో కణుపుల వాపులు చాలావరకు హానిలేనివి. ఇలాంటి రచన తల్లిదండ్రులను అనవసరంగా భయపెట్టదా అన్న ఆక్షేపణ సమంజసమైనదే. అయితే అస్పష్టమైన జాబితాయే భయాన్ని పెంచుతుంది. వేగం అనే కొలమానం దానికి హద్దు గీస్తుంది.

ముగింపు:
సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపైనే ఉన్నాయి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్యకళాశాల నడుస్తున్నది. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న హైదరాబాదు మిర్యాలగూడకు కూడా కొన్ని గంటల ప్రయాణమే. దారి గంటల్లో తేలుతుంది. తప్పు పేరు వల్ల కలిగే ఆలస్యం వారాల్లో ఉంటుంది. సకాలంలో కీమోథెరపీ అందిన పిల్లల్లో అత్యధికులు కోలుకోగల వ్యాధి ఇది. బాల్య క్యాన్సర్లలో 2030 నాటికి కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం నిర్దేశించింది. ఆ లక్ష్యసాధనలో తెలుగు వైద్యరచనకూ పాత్ర ఉంది. అది ‘ఎక్కడ గడ్డ?’ అన్న ప్రశ్నతో ఆగక, ‘ఎన్ని రోజుల్లో ఇంతైంది?’ అని కూడా అడగడం నేర్పాలి.